పాత కారులో స్టీరింగ్ వణుకు, బ్రేకు జబ్బులు: నాలుగేళ్ల వాడకం తర్వాత డయల్ గేజ్ సమీక్ష

బ్రేకు తొక్కగానే స్టీరింగ్ వణుకుతుంది, పాదం కింద పెడల్ లేచి పడుతుంది. వెంటనే వినిపించే మాట ఒకటే: డిస్కులు వంకరపోయాయి, మార్చెయ్యాలి. మారుస్తారు, వణుకు పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే వణుకు మళ్లీ వస్తుంది. అప్పుడు తప్పంతా కొత్త డిస్కుల నాణ్యత మీదకు పోతుంది. అసలు తప్పు చాలాసార్లు డిస్కు వెనకాల, చక్రమూ డిస్కూ బిగించే హబ్ ముఖం మీద ఉంటుంది. దాన్ని కంటికి చూపించే పరికరం డయల్ గేజ్, మొన ఆనిన చోటు ఎంత కదిలిందో గడియారం లాంటి ముల్లుతో చెబుతుంది. 0.01 మి.మీ. వరకు చదివే, 10 మి.మీ. కదలిక ఉన్న మామూలు గేజ్, అయస్కాంతపు స్టాండు కలిపి పన్నెండేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారు మీద నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఆ జత గురించే ఈ సమీక్ష.

గేజ్ బయటికి తీసే ముందే వణుకు ఎప్పుడు వస్తుందో తేల్చుకోవాలి. బ్రేకుతో పని లేకుండా 80 నుంచి 110 కి.మీ. వేగం మధ్య వస్తే చూడాల్సింది వీల్ బ్యాలెన్సింగ్, రిమ్ము, టైరు. 175/65 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు, అంటే 90 కి.మీ. వేగంలో సెకనుకు పదమూడు, పద్నాలుగు చుట్లు. అంత జోరులో రిమ్ము లోపలి వైపు ఎండిపోయిన బురద ముద్ద చాలు, స్టీరింగ్‌ను ఊపేస్తుంది. ముందు చక్రాల తేడా చేతుల్లో తెలుస్తుంది, వెనక చక్రాలదైతే సీటులో, ఫ్లోర్‌లో తెలుస్తుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వచ్చి, వదలగానే పోయే వణుకైతే ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్‌ను అనుమానించాలి. దాన్ని డిస్కుల ఖాతాలో వెయ్యకండి.

బ్రేకు వేసినప్పుడే వస్తుంటే ఇంకో చిన్న పరీక్ష ఉంది. వెనక డ్రమ్ములు, వాటికే పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఉన్న కారైతే, ఎవరూ లేని పొడి రోడ్డు మీద 40 కి.మీ. వేగంలో, లివర్ బటన్ నొక్కి పట్టుకునే హ్యాండ్ బ్రేక్‌ను మెల్లగా లాగండి. అప్పుడూ బండి తడబడితే వెనక డ్రమ్ము గుండ్రం పోయినట్టు. వణుకేమీ లేకపోతే ముందు డిస్కుల దగ్గరికి వెళ్లొచ్చు.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా సులువు. డిస్కు వేడికి వంకరపోవడం చాలా అరుదు. అది హబ్ మీద కొంచెం ఏటవాలుగా కూర్చుంటుంది, అంతే. బ్రేకు వెయ్యకపోయినా దాని ఎత్తయిన చోటు ప్రతి చుట్టుకీ బ్రేకు ప్యాడ్‌ను (డిస్కును నొక్కి ఆపే దిమ్మను) రాసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లకు అక్కడ మందం అరుగుతుంది. పాదానికి తెలిసేది ఈ మందం తేడానే, 0.02 మి.మీ. ఉన్నా చాలా కార్లలో పెడల్ కొట్టుకుంటుంది. కొత్త డిస్కు వేసిన రోజున వణుకు లేకపోవడానికీ, తర్వాతెప్పుడో తిరిగి రావడానికీ కారణం ఇదే. రెండో దారి కూడా ఉంది. గట్టిగా బ్రేకు కొట్టి ఆగి, పెడల్ అలాగే తొక్కి పట్టుకుంటే వేడి ప్యాడ్ పదార్థం డిస్కుకు అంటుకుంటుంది, ఒక్కోసారి ప్యాడ్ ఆకారం మచ్చలా కనిపిస్తుంది కూడా.

కొలత ఇలా తియ్యాలి. చదునైన నేల మీద వెనక చక్రాలకు చెక్క అడ్డు పెట్టి, ముందు భాగాన్ని స్టాండ్ల మీద దించి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. జాకీని నమ్ముకుని ఈ పని చెయ్యొద్దు. చక్రం తీశాక డిస్కు హబ్ మీద వదులుగా ఉంటుంది, ఒక చిన్న స్క్రూ మాత్రమే పట్టి ఉంచుతుంది. అలాగే కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. దళసరి వాషర్లు వేసి చక్రం నట్లన్నీ ఎదురెదురుగా, సమానంగా బిగించాలి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌ను విప్పి తీగతో వేలాడదీయండి, దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకూడదు. గేజ్ మొనను డిస్కు బయటి అంచు నుంచి 10 మి.మీ. లోపల, నిటారుగా ఆనించి, ముల్లు ఒక చుట్టు తిరిగేంత నొక్కి సున్నా పెట్టండి. మొన 30 డిగ్రీలు వాలితే అంకె 15 శాతం ఎక్కువ చూపిస్తుంది.

డిస్కును చేత్తో మెల్లగా తిప్పండి. మంచి డిస్కు మీద ముల్లు సున్నాకు అటూ ఇటూ రెండు గీతలు నిదానంగా ఊగి వెనక్కి వస్తుంది. ఒక్కచోట ఠక్కున ఎగిరి పడిందంటే అది వంకర కాదు, తుప్పు మచ్చో అంటుకున్న ప్యాడ్ పదార్థమో. చుట్టంతటిలో అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ అంకెల మధ్య తేడాయే మనకు కావాలి. హద్దు చాలా కార్లకు 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి. ఎత్తయిన చోట డిస్కు మీదా, దానికి ఎదురుగా హబ్ మీదా సుద్దతో గుర్తు పెట్టండి. డిస్కు విప్పి ఒక బోల్టు జరిపి బిగించి మళ్లీ కొలవండి. ఎత్తు డిస్కు గుర్తుతో పాటు జరిగితే తప్పు డిస్కుది, హబ్ గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్‌ది.

పాత కార్లలో రెండోదే ఎక్కువగా చూశాను. కారణం తుప్పు పొర. హబ్ ముఖం కన్నా డిస్కు వ్యాసం దాదాపు రెట్టింపు కాబట్టి, హబ్ అంచున 0.05 మి.మీ. తుప్పు ఉంటే డిస్కు అంచు దగ్గర అది 0.10కి చేరుతుంది. వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా తుప్పు తియ్యాలి. బోల్టుల మొదళ్ల చుట్టూ ఉండే పెచ్చులు బ్రష్‌కు అందవు, వాటిని పాత స్క్రూడ్రైవర్‌తో గీకాలి. డిస్కు లోపలి ముఖాన్ని కూడా ఇలాగే శుభ్రం చెయ్యండి. శుభ్రం చేశాక కూడా హబ్ ముఖం మీదే గేజ్ పెడితే ఊగు కనిపిస్తోందంటే హబ్బో బేరింగో పోయినట్టు. డిస్కు పట్టుకుని లోపలికీ బయటికీ కదిపినప్పుడు ముల్లు 0.05 దాటి కదిలితే బేరింగ్ మార్చే ఆలోచన చెయ్యాలి.

పరికరం సంగతికొస్తే, గేజ్ కన్నా స్టాండే ముఖ్యం. గేజ్ మామూలుదైనా ఇన్నేళ్లూ సున్నా తప్పలేదు. స్టాండు చేతుల కీళ్లు మాత్రం ఏడాదికే వదులయ్యాయి, ముల్లు దానంతటదే జారడం మొదలుపెట్టింది. అందుకే ప్రతి కొలతకు ముందు గేజ్‌ను వేలితో కొంచెం తోసి వదిలి, ముల్లు సున్నాకే తిరిగి వస్తుందో లేదో చూసుకోవాలి. స్టాండును ఆనించే నకిల్ (హబ్‌ను మోసే భాగం) పోత ఇనుముదైతే అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. అల్యూమినియం నకిల్‌కు అసలు అంటదు, క్లాంప్ ఉన్న స్టాండు తీసుకోవాలి. గేజ్ కడ్డీకి నూనె వెయ్యకండి. బ్రేకు ధూళి అందులో పేరుకుని కడ్డీ ఇరుక్కుంటుంది.

ఈ గేజ్‌తో కాని పనులూ ఉన్నాయి. మందం తేడా దీనితో తెలియదు, మైక్రోమీటర్ కావాలి. అంచు నుంచి 10, 15 మి.మీ. లోపల చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. వెర్నియర్ పనికిరాదు, దాని దవడలు అంచున మిగిలిపోయిన గట్టు మీద కూర్చుని అరుగుదలను దాచేస్తాయి. డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం కన్నా తగ్గితే లేత్ పట్టించే (మెషిన్ మీద చెక్కించి చదును చేయించే) మాటే లేదు.

క్యాలిపర్ పట్టేసిందా అన్నది కూడా గేజ్ చెప్పదు. ప్యాడ్లే చెబుతాయి. ఒకే చక్రం రెండు ప్యాడ్ల అరుగుదలలో తేడా బాగా ఉంటే క్యాలిపర్ జారే స్లయిడ్ పిన్నులు ఎండిపోయాయి, లేదా ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వెనక్కి రావడం లేదు. పిన్నులకు రబ్బరును పాడుచెయ్యని సిలికాన్ బ్రేక్ గ్రీజు మాత్రమే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పెడల్ వదిలినా చక్రం బిగిసే ఉంటే క్యాలిపర్ మీద బ్రేకు నూనె బయటికి వదిలే చిన్న మర, బ్లీడ్ నిపుల్‌ను కొంచెం వదులు చెయ్యండి. చుక్క నూనె చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి లోపల చిక్కుకున్నట్టు, చాలాసార్లు అది లోపల పూడుకుపోయిన రబ్బరు గొట్టం. వదలకపోతే క్యాలిపర్‌దే తప్పు. ఆ తర్వాత లోపల చేరిన గాలిని బయటికి తీసే బ్లీడింగ్ తప్పనిసరి.

డిస్కులు కొలతకు సరిపోయినా వణుకు చేతులదాకా వస్తుంటే చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (రబ్బరు కీలు) చూడండి. చీలిన బుష్ చిన్న వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. చక్రం లేచి ఉండగా పక్కల నుంచి ఊపితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ వదులు, పైనా కిందా పట్టుకుని ఊపితే నకిల్‌ను ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్, బేరింగ్ వదులు బయటపడతాయి.

అన్నీ సరిచేశాక కూడా, మెల్లగా ఆగేటప్పుడు చివరి 5, 10 కి.మీ. వేగంలో మాత్రమే పెడల్ గరగరమంటే అది డిస్కు కాదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో చక్రం వేగం పసిగట్టే సెన్సర్ రింగు తుప్పు పట్టో, చిట్లో చక్రం జారుతోందని తప్పు కబురు పంపుతుంది. ఏబీఎస్ ఫ్యూజ్ తీసి, ఖాళీ స్థలంలో అదే వేగంలో ఆపి చూడండి. గరగర పోతే రింగు, సెన్సర్ చూసుకోవాలి, ఫ్యూజ్ మాత్రం వెంటనే తిరిగి పెట్టెయ్యండి.