డెంగీ టీకాల్లో ఏది మేలు? ముందు చూడాల్సింది డెంగీ రాని పిల్లల్ని

డోసులెన్ని, రక్షణ ఎంత శాతం అని చూసి డెంగీ టీకాను ఎంచుకోకూడదు. ఇంతవరకూ డెంగీ సోకని బిడ్డకు ఆ టీకా ఏం చేస్తుందన్నదే మొదటి ప్రశ్న. వైరస్ నాలుగు రకాలు. ఒకటి సోకితే ఆ రకం మళ్లీ రాకుండా ఏళ్ల తరబడి రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి మీద మాత్రం కొద్ది నెలలే. తర్వాత వేరే రకం సోకినప్పుడు పాత యాంటీబాడీలు దాన్ని అంటుకుంటాయి గానీ చంపలేవు. పైగా వాటినే పట్టుకుని వైరస్ తెల్లరక్తకణాల్లోకి దూరుతుంది. రెండోసారి డెంగీ ముదరడానికి ఇదొక ముఖ్య కారణం. అరకొర రక్షణ ఇచ్చే టీకా కూడా ఆ మొదటి జ్వరంలాగే పనిచేయవచ్చు.

డెంగ్‌వాక్సియా అనే టీకాతో జరిగింది అదే. ఎల్లో ఫీవర్ టీకా వైరస్‌కు డెంగీ పైపొర ప్రొటీన్లు తొడిగి దాన్ని తయారు చేశారు. ఏడాదిలో మూడు డోసులు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షలమందికి పైగా పిల్లలకు వేశారు. ముందు డెంగీ రానివాళ్లలో జబ్బు ముదిరే ప్రమాదం పెరుగుతోందని 2017 నవంబరులో తయారీదారే ప్రకటించింది. అప్పటి నుంచి రక్తపరీక్ష చేశాకే వేయాలన్నారు. విశాఖలో అది చెప్పినంత తేలిక కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయాయనో, కార్డు టెస్టులో గీత కనిపించిందనో "డెంగీ వచ్చిపోయింది" అనేస్తారు. పాత డెంగీ యాంటీబాడీలను వెతికే ఐజీజీ పరీక్ష చేయించినా, మెదడువాపు టీకా వేసుకున్నవాళ్లలో తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. తర్వాత కంపెనీ ఈ టీకా తయారీకే స్వస్తి చెప్పింది.

క్యూడెంగా అనే మరో టీకాకు పునాది రెండో రకం డెంగీ వైరసే. మూడు నెలల తేడాతో రెండు డోసులు. 8 దేశాల్లో 20 వేలమంది పిల్లల మీద పరీక్షిస్తే మొదటి ఏడాది 80.2 శాతం రక్షణ కనిపించింది. నాలుగున్నరేళ్లకు అది 61.2కి తగ్గింది, ఆసుపత్రిపాలు కాకుండా మాత్రం 84.1 శాతం కాపాడింది. లోపం ఒకటుంది: ముందు డెంగీ రాని పిల్లల్లో మూడో రకం మీద పనిచేయలేదు. డెంగీ ఎక్కువగా ఉన్నచోట్ల 6–16 ఏళ్లవాళ్లకు, ముందస్తు పరీక్ష లేకుండానే వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. తయారీకి హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఈ 2024లో ఒప్పందం చేసుకుంది. పొడిని ద్రావణంతో కలిపేటప్పుడు సీసాను మెల్లగా తిప్పాలి, కుదపకూడదు. కలిపాక రెండు గంటల్లోపు అర మిల్లీలీటరు చర్మం కింద ఇవ్వాలి. పని కోసం గాజువాక నుంచి వేరే ఊరికి మారే కుటుంబాల్లో రెండో డోసు తప్పిపోవచ్చు. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, వీలైనంత త్వరగా ఆ డోసు వేయిస్తే చాలు.

అందుకే ఒక్క డోసు టీకా మీద నాకు ఆశ ఎక్కువ. అమెరికా పరిశోధకులు వైరస్ జన్యువు చివర 30 అక్షరాలు కత్తిరించి దాన్ని బలహీనపరిచారు. బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ పరీక్షల్లో రెండేళ్లకు 79.6 శాతం రక్షణ కనిపించింది, ముందు డెంగీ రానివాళ్లలోనూ 73.6. అయితే అప్పుడక్కడ 3, 4 రకాలు తిరగలేదు, కాబట్టి వాటి సంగతి ఆ అంకెల్లో లేదు. ఇదే మూలం నుంచి మన దేశంలోని పనాసియా కంపెనీ చేసిన ఒక్క డోసు టీకా డెంగీఆల్. దాని మూడో దశ పరీక్షలను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. వాటిలో చేర్చుకున్నది పెద్దవాళ్లనే. పిల్లల విషయం విడిగా తేలాలి.

క్యూడెంగా, డెంగీఆల్ రెండూ దొరికితే? బడి పిల్లలకు, పిల్లల్లోనే పరీక్షించిన క్యూడెంగా. పెద్దవాళ్లకు డెంగీఆల్ ఫలితాలు చూశాకే. రెండూ బతికున్న వైరస్ టీకాలు గనుక గర్భిణులకు, రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లకు వద్దు. టీకా తర్వాత జ్వరమొస్తే డోసు తేదీ డాక్టరుకు చెప్పండి. టీకా వల్ల కూడా ఐజీఎం (కొత్త యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్ రావచ్చు కాబట్టి, జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రొటీన్‌నే వెతికే ఎన్‌ఎస్1 ఎలైజా పరీక్ష చేయించడమే మేలు.