టైర్లు మార్చేవాళ్ళూ జాగ్రత్త, టైరు తయారైన డేట్ ఉన్న వైపు లోపలికి తిప్పి బిగిస్తున్నారు

విజయవాడలో కారు టైర్లు మార్చే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. షాపు పేరు రాయను, రాస్తే రేపు నామీదే లాయర్ నోటీసు పంపే రకం ఆయన. మీలో చాలామంది అలాంటి షాపుకే వెళ్ళుంటారు కాబట్టి ముందు కిందకి దిగి మీ టైర్లకి లోపలి వైపు టార్చ్ వేసి చూసుకుని రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నాది స్విఫ్ట్, ఉద్యోగానికి రోజూ ఏలూరు వెళ్ళొస్తా. పాత టైర్లు అరిగి గీతల మధ్య ఉండే చిన్న రబ్బరు గట్టు దాకా వచ్చేశాయి, అదే 1.6 మిల్లీమీటర్ల గుర్తు, అక్కడికొచ్చాక ఇంకో నెల లాగుదాం అనుకుంటే వానలో బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది. సైజు 165/80 ఆర్14, దొరకని సైజేం కాదు. మా బావగారు ఎప్పట్నుంచో ఆ షాపులోనే వేయిస్తారని, మనోళ్ళే అని, అక్కడికే వెళ్ళా. పెద్ద కంపెనీ టైర్లే, నాలుగూ కలిపి ఇరవై వేలకి కొంచెం అటూ ఇటూ. "జీఎస్టీ తగ్గింది మేడం, మీకోసం రేటు తగ్గించి ఇస్తున్నా" అన్నాడు షాపాయన. టైర్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది 2025 సెప్టెంబర్ 22న, దేశం మొత్తానికి. ఈయన జేబులోంచి తీసిచ్చినట్టు మాట్లాడతాడు.

నేనేం గుడ్డిగా కొనలేదు, అదే నా మంట. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండి దాని చివర నాలుగు అంకెలు ఉంటాయని, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం అని నాకు తెలుసు. వెళ్ళగానే అడిగా, డేట్ చూపించండి అని. కింద పెట్టిన రెండు టైర్లు తిప్పి చూపించాడు, 2825 అని ఉంది, అంటే 2025లో 28వ వారం, జులై. బాగుంది. మరి మిగతా రెండు ఏవంటే అప్పటికే లోపల మెషీన్ మీద ఎక్కించేశారు. "అన్నీ ఒకే లాట్ మేడం, ఒకే బండిలో దిగాయి, మీరు ఏసీలో కూర్చోండి, కాఫీ చెప్తా" అన్నాడు. కాఫీ బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

బిగించాక చుట్టూ తిరిగి చూశా. ముందు రెండిటికీ డేట్ కనపడుతోంది. వెనక రెండిటికీ డాట్ అని ఉంది గానీ చివర ఆ నాలుగు అంకెలు లేవు. ఇదేంటండీ అంటే, "అది అవతలి వైపు ఉంటుంది మేడం, ఈ టైరు ఎటు వేసినా ఒకటే, మెషీన్ మీద పిల్లలు అవన్నీ చూసుకోరు" అన్నాడు. ఇక్కడే ఉంది తెలివి. ఆయన చెప్పింది నిజమే. చాలా టైర్లకి వారం, సంవత్సరం ఒక్క వైపే ముద్రిస్తారు, రెండోవైపు సగం కోడే ఉంటుంది. బయటి వైపు, లోపలి వైపు అని రాసి ఉండే టైర్లయితే తిప్పడానికి కుదరదు, నావి రెండు వైపులా ఒకటే డిజైను, ఎటైనా బిగించొచ్చు. నిజం చెప్పి మోసం చేయడం అంటే ఇదే, అబద్ధం అయితే దొరికేవాడు. పైగా టైరు మీద సన్నగా వెంట్రుకల్లా ఉండే రబ్బరు చూపించి "చూడండి ఇంకా ఊడను కూడా ఊడలేదు, అంత ఫ్రెష్షు" అన్నాడు. అవి రోడ్డు మీద తిరిగితే ఊడతాయి సామీ, గోడౌన్‌లో పదేళ్ళు పడున్నా అలాగే ఉంటాయి. ఇది ఇప్పుడు తెలుసు. అప్పుడు తల ఊపి, బిగించిన కుర్రాళ్ళకి టీ డబ్బులు కూడా ఇచ్చి వచ్చా.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, నైట్రోజన్ అన్నిటికీ విడివిడిగా డబ్బులు వేశాడు, అది వదిలేయండి. కాంబర్ (అంటే చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఎంత వాలి ఉందో ఆ కోణం) ఔట్ అయింది అని ఇంకో రెండు వేలు అడిగాడు, వద్దన్నా. తర్వాత సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఈ బండికి కాంబర్ అడ్జస్ట్ చేయడానికి కంపెనీ ఏమీ ఇవ్వదు, నిజంగా తేడా ఉంటే ఏ పార్టు వంగిందో చూసి మార్చాలి అన్నారు. సరే, కనీసం ఆ రెండు వేలు మిగిలాయి.

తర్వాత హనుమాన్ జంక్షన్ దగ్గర వెనక ఎడమ టైరు గాలి దిగింది. పంక్చర్ షాపులో చిన్న కుర్రాడు, మేకు బాగా అంచున దిగిందని చక్రం ఊడదీసి, లోపలి వైపు పైకి వచ్చేలా నేల మీద పడుకోబెట్టి సబ్బునీళ్ళు కొట్టాడు. గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగి, "అక్కా, ఇవి ఎప్పుడు వేయించారు?" అన్నాడు. మొన్నే, కొత్తవి అన్నా. వాడేం మాట్లాడలేదు, వేలు పెట్టి చూపించాడు. 3419. అంటే 2019 ఆగస్టు. వెలుతురు చాలక ఫోన్ లైటు వేసి మళ్ళీ చదివా, తప్పు చదివానేమో అని. 3419యే. గీతల అడుగున గోరు పెట్టి కొంచెం విడదీస్తే సన్నటి పగుళ్ళు, పైకి కనపడవు, పాలిష్ కొట్టారు కదా నల్లగా. రెండో వెనక టైరు కింద పడుకుని మరీ చూశాడు పాపం, అదీ 3419. పంక్చర్ డబ్బులకి మించి ఇవ్వబోతే తీసుకోలేదు వాడు.

అక్కడ్నుంచి ఆఫీసు మానేసి తిన్నగా షాపుకి. ఇప్పుడు వినండి అసలు సంగతి. ఆయన సీట్లోంచి లేవలేదు. నేను ఫోటో చూపిస్తే ఫోన్ చేతిలోకి కూడా తీసుకోకుండా, అక్కడ ఇంకో నలుగురు కస్టమర్లు ఉన్నారు, వాళ్ళందరి ముందు, "టైరు ఏమన్నా పాల ప్యాకెట్టా మేడం, డేట్ చూసి కొనడానికి?" అన్నాడు. వాళ్ళలో ఒకాయన నవ్వాడు కూడా. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన మనిషేనా ఈయన అనిపించింది. ఒకే లాట్ అన్నారు కదండీ అన్నా. "నేను అనలేదు, మా కుర్రాడు అనుంటాడు." కుర్రాడెక్కడ? మానేశాడట. డేట్ చూపించండి అని నేను అడిగింది మీ మొహం చూసే కదా అంటే, ఇక మర్యాద కూడా పోయింది, "ఇవన్నీ మీకు అర్థం కావు, ఇంట్లో సార్ ఉంటే ఫోన్ కలపండి, ఆయనకి చెప్తా" అన్నాడు.

నా బండి, నా జీతం, లైసెన్సు తీసుకున్న దగ్గర్నుంచి నడుపుతోంది నేను. మా ఆయనకి కారు నడపడమే రాదు! ఆయనకి ఫోన్ కలిపితే ఏం చెప్తాడు, స్టెప్నీ ఎక్కడుంటుందో నన్నడుగుతాడు.

అరిచా, ఒప్పుకుంటా. అప్పుడు తీశాడు ఆఖరి అస్త్రం: "అసలు ఈ రెండూ మా టైర్లే అని గ్యారంటీ ఏంటి? బయట ఎక్కడో మార్పించుకుని వచ్చుంటారు." కాగితం తీసి చూశా. ఎస్టిమేట్ అని రాసిన కాగితం, మీద "టైర్లు 4" అని, కింద మొత్తం. సీరియల్ నంబర్లు లేవు, జీఎస్టీ నంబర్ లేదు, కనీసం షాపు స్టాంపు కూడా సగమే పడింది. జీఎస్టీ తగ్గిందని తగ్గించి ఇచ్చిన మహానుభావుడు అసలు జీఎస్టీ బిల్లే ఇవ్వలేదు. యూపీఐలో కట్టా కాబట్టి డబ్బులు ఆయనకే వెళ్ళాయని ఉంది, ఏ టైరుకి వెళ్ళాయో లేదు. చివరికి "వాడిన టైర్లు కదా, అరుగుదల తీసేసి సగం రేటుకి తీసుకుంటా, మిగతాది కట్టి కొత్తవి వేయించుకోండి" అన్నాడు. ఆయన దగ్గరే, మళ్ళీ.

కొంతమంది చెప్తున్నారు, ఎండ తగలకుండా సరిగ్గా దాచిన టైరు కొన్నేళ్ళున్నా ఏం కాదు అని. ఉండొచ్చు. కానీ మన బెజవాడ ఎండల్లో షాపు బయట ఫుట్‌పాత్ మీద దొంతులు పెట్టి ఉంటాయి చూశారుగా, అదేనా సరిగ్గా దాచడం? రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, వయసు తయారైన రోజు నుంచే లెక్క. ఐదేళ్ళు దాటాక ఏటా చూపించుకోండి, పదేళ్ళకి ఎంత బాగున్నా తీసేయండి అని టైర్ల కంపెనీలే చెప్తాయి. నావి బండికి ఎక్కేటప్పటికే ఆరేళ్ళు దాటినవి. అంత బాగున్న టైర్లయితే పాత స్టాకు అని చెప్పి సగం రేటుకి అమ్మొచ్చుగా, డేట్ లోపలికి తిప్పడం ఎందుకు?

1915 కి ఫోన్ చేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టా. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, కొన్న వస్తువు ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. రెండు టైర్లు వేరేచోట మళ్ళీ కొన్నా, ఆ ఖర్చు గురించి ఇప్పుడు అడగొద్దు. బావగారికి చెప్తే "నాకెప్పుడూ అలా చేయలేదే" అన్నారు. ఆయన ఎప్పుడూ చూసుకోలేదు, ఇప్పుడు వెళ్ళి చూసుకున్నారు, ఫోన్ ఎత్తట్లేదు.

ఇక కొనబోయేవాళ్ళకి. నాలుగు టైర్లూ మెషీన్ ఎక్కకముందే నేల మీద పెట్టించి నాలుగిటి డేట్లూ ఫోటో తీసుకోండి, రెండు చూసి సరిపెట్టుకోవద్దు. ఎటైనా బిగించే టైర్లయితే డేట్ బయటికే బిగించమనండి, కుదరదంటే లేచి వచ్చేయండి, కాఫీ తాగకుండా. జీఎస్టీ బిల్లు మీద ఒక్కో టైరు సీరియల్ నంబర్ రాయించండి, కంపెనీ వారంటీకి వెళ్ళినా అదే అడుగుతారు. సైజు పక్కన 85టీ లాంటిది ఉంటుంది చూడండి, 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా, మీ పాత టైరు మీద ఉన్నదానికంటే తక్కువది అంటగడితే తీసుకోవద్దు. రెండే మార్చేవాళ్ళు ఎవరైనా ఉంటే కొత్తవి వెనక వేయించుకోండి, వానలో వెనక జారితే బండి మన చేతిలో ఉండదు. అది కూడా నాకు ఉల్టా చెప్పాడు ఆ షాపాయన, కొత్తవి ఎప్పుడూ ముందు చక్రాలకే వేయాలి మేడం అని. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకో.