ఆటలో అరటిపండ్లను లెక్కపెట్టని ప్యాకేజీ

బెంగళూరులో క్లినికల్ డేటా పని చేసే మనవాళ్లు బోలెడుమంది కాబట్టి రాస్తున్నా. గణాంకాల లెక్కలకి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డిస్క్రీట్‌ఎఫ్‌డీఆర్ అని ఒక ఉచిత ప్యాకేజీ ఉంది, ఒకేసారి బోలెడు టెస్టులు చేసినప్పుడు ఉత్తినే తేలేవాటి వాటాను అదుపులో పెడుతుంది, మూడు వారాలుగా వాడుతున్నా, బాగుంది.

నా బాధేంటంటే, సైడ్ ఎఫెక్ట్స్ టేబుల్లో వంద వరసలుంటే వంద ఫిషర్ టెస్టులు (ఆ ఇబ్బంది మందు వైపూ ఉత్తి మాత్ర వైపూ తేడాగా వచ్చిందా అని చూసేవి) చేయాలి. ఒక్కోటీ ఒక పి-వాల్యూ ఇస్తుంది, అంటే మందు ప్రభావం లేకపోయినా అంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం. 0.05 దగ్గర గీత గీస్తే మందులో ఏమీ లేకపోయినా సగటున ఐదు దాకా ఉత్తిపుణ్యానికే తేలతాయి. అందుకని అందరం 1995 నాటి బెంజమిని–హోచ్‌బెర్గ్ పద్ధతి వాడతాం, టెస్టులు ఎక్కువయ్యేకొద్దీ అది గీతను కిందికి దించుతుంది. మా డేటా మీద వాడితే ఒక్కటీ మిగల్లేదు. మేనేజర్ "ఏమీ రాలేదా?" అంటే "లేదు సార్" అని టీకి లేచిపోవడమే.

మారతహళ్లి మెస్సులో పప్పు కలుపుకుంటూ మా టీమ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు అడిగాడు: "అన్నా, మొత్తం నలుగురికే కళ్లు తిరిగిన వరస ఎప్పటికైనా గెలుస్తుందా?" టిష్యూ మీద లెక్కేశాం. మందు పదిమందికి, ఉత్తి మాత్ర పదిమందికి. ఆ నలుగురూ మందు వైపే ఉన్నా పి-వాల్యూ 0.087. ఇద్దరే అయితే 0.47 కన్నా దిగదు! ఐదుగురూ ఒకే వైపుంటే గానీ 0.033 రాదు. అంటే నలుగురికో అంతకన్నా తక్కువ మందికో వచ్చిన వరసలన్నీ ఆటలో అరటిపండ్లు, కానీ పాత పద్ధతి వాటినీ వందలో కలిపేసి అన్నిటికన్నా చిన్న పి-వాల్యూకి గీతను 0.0005కి దించేస్తుంది.

ఈ ప్యాకేజీ ప్రతి టెస్టుకీ ఏయే పి-వాల్యూలు రాగలవో చూసుకుంటుంది, గీత దాకా రాలేని టెస్టుకి లెక్కలో బరువు సున్నా. దీని వెనకున్న గణితం డోలర్, డ్యూరాండ్, రోక్వాన్ 2018లో అచ్చేసింది. సాధనకి బ్రిటన్ డేటా కూడా దొరుకుతుంది, 2,446 మందులకి మతిమరుపు ఫిర్యాదులు, ముందు దానిమీద చెయ్యి తిప్పుకోండి.

చిక్కులూ ఉన్నాయి. రాగల పి-వాల్యూల జాబితా నేనే తయారుచేసి అందించా, మొదటిసారి ఒక సాయంత్రం పోయింది. పైగా ఆ 2018 పద్ధతి ఇచ్చే హామీ అంతా టెస్టులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటేనే, మా టేబుల్లో వాంతులూ వికారమూ కలిసే వస్తాయి మరి. రెండు పద్ధతులూ నడిపి ఎక్కువ తేలినదాన్ని రిపోర్టులో పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు, ఏది వాడతారో డేటా తెరవకముందే రాసుకోండి.

ఒక్కో వరసలో కేసులు వందల్లో ఉంటే దీని జోలికి పోనక్కర్లేదు, పాతదే చాలు. నాలుగు స్టార్లు.