ఫైనాన్స్ గణితం: హల్ ముందా, ష్రీవ్ ముందా?

హనుమకొండలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చదివే విద్యార్థి ఫైనాన్స్ గణితం నేర్చుకోవాలనుకుంటే ముందుగా చెవిన పడే పేరు జాన్ హల్. ‘ఆప్షన్స్, ఫ్యూచర్స్ అండ్ అదర్ డెరివేటివ్స్’ అనే ఆ లావుపాటి పుస్తకానికి పియర్సన్ వారి భారతీయ ముద్రణ కూడా ఉంది. అయినా మొదటి పుస్తకంగా దాన్ని నేను సూచించను.

హల్ బలమంతా మార్కెట్‌లో ఉంది. ఫ్యూచర్స్‌లో, అంటే రేపటి కొనుగోలుకు ఇవాళే ధర కుదుర్చుకునే ఒప్పందాల్లో, మార్జిన్ అనే పూచీ సొమ్ము ఎందుకు కట్టించుకుంటారు, ఏ రోజు లాభనష్టాలు ఆ రోజే ఖాతాలో ఎలా సర్దుతారు, సరుకు అమ్మకముందే ధరను ఎలా ఖాయం చేసుకుంటారు అన్నవి ఓపికగా వివరిస్తారు. ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి. మనకు దగ్గరిది కావాలంటే వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ ఉన్నాయి. వాటి ప్రధాన డెలివరీ కేంద్రం నిజామాబాదే. ఇలా ధరను ముందే ఖాయం చేసుకునే హెడ్జింగ్ గురించిన అధ్యాయం చదివేటప్పుడు ఆ కాంట్రాక్టు నిబంధనలు పక్కన పెట్టుకుంటే విషయం బాగా తలకెక్కుతుంది. గణితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం హల్ చాలాచోట్ల ఫలితం చెప్పి ముందుకు సాగిపోతారు. నిరూపణ లేనిదే నిద్రపట్టని విద్యార్థికి అది చాలదు.

స్టీవెన్ ష్రీవ్ రాసిన ‘స్టోకాస్టిక్ కాల్క్యులస్ ఫర్ ఫైనాన్స్’ మొదటి సంపుటం (2004) దారి వేరు. పేరు బెదిరించినా పుస్తకం సన్నదే. డిగ్రీ స్థాయి కలన గణితం, సంభావ్యత వస్తే సరిపోతుంది. మొదటి ఉదాహరణే చూడండి. షేరు ధర 4. తర్వాతి దశలో 8 అవుతుంది, లేదా 2 అవుతుంది. వడ్డీ 25 శాతం. ఆ షేరును 5కు కొనే హక్కునిచ్చే కాల్ ఆప్షన్ వెల ఎంత? చేతిలోని 1.20కి 0.80 అప్పు కలిపి అర షేరు కొనండి. ధర 8 అయితే అర షేరు విలువ 4, వడ్డీతో అప్పు 1 తీర్చగా 3 మిగులుతుంది. ధర 2 అయితే వచ్చిన 1 అప్పుకే సరి, మిగిలేది సున్న. ఆప్షన్ ఇచ్చేదీ ఇదే కాబట్టి దాని వెల 1.20. ఇంకెంత చెప్పినా ఎవరో ఒకరు పెట్టుబడి లేకుండా లాభం లాగేస్తారు.

ఈ లెక్కలో షేరు పెరిగే అవకాశం ఎంతన్న ప్రశ్నే రాలేదు. స్టాటిస్టిక్స్ విద్యార్థికి ఇది మింగుడుపడదు. సగటు కట్టి వెల చెప్పాలని చేయి లాగుతుంది. ఈ చిక్కు విడిపోతే ఆప్షన్లకు వెల కట్టే 1973 నాటి బ్లాక్–షోల్స్ సూత్రం సగం అర్థమైనట్టే. హల్‌లోనూ ఇలాంటి లెక్క ఉంది, కాకపోతే కొత్త ముద్రణల్లో అక్కడికి చేరేసరికి పన్నెండు అధ్యాయాలు దాటాలి.

సంభావ్యతే రాదంటే షెల్డన్ రాస్ రాసిన ‘యాన్ ఎలిమెంటరీ ఇంట్రడక్షన్ టు మ్యాథమెటికల్ ఫైనాన్స్’ మేలు, అక్కడి నుంచే మొదలవుతుంది. వాక్యాలు మరీ పొదుపు, నెమ్మదిగా చదవాలి. అడిగేందుకు గురువు లేని ఊళ్లో చదువుతుంటే కాపిన్‌స్కీ, జాస్టావ్నియాక్‌ల ‘మ్యాథమెటిక్స్ ఫర్ ఫైనాన్స్’ తీసుకోండి. లెక్కలకు జవాబులు వెనకే ఉన్నాయి. ష్రీవ్‌లో ఆ సౌకర్యం లేదు, అదొక్కటే నా ఫిర్యాదు.

కాబట్టి సంభావ్యత కాస్తయినా వస్తే ష్రీవ్ మొదటి సంపుటం ముందు, హల్ తోడుగా. హల్ పాత ముద్రణ సగం ధరకు దొరికితే సంకోచించకండి. ఆప్షన్ల గణితం మారలేదు. వడ్డీరేట్ల అధ్యాయాలు మాత్రం కొత్త ముద్రణలోనే చదవాలి, ఎందుకంటే పాతవి ఆధారపడిన డాలర్ లైబర్ (లండన్ బ్యాంకుల మధ్య అప్పుల వడ్డీరేటు) 2023 జూన్‌తో ఆగిపోయింది. ష్రీవ్ రెండో సంపుటాన్ని ఇప్పుడే కొనవద్దు. అది సంభావ్యతకు పునాది అయిన మెజర్ థియరీ భాషలో మొదలవుతుంది, మన దగ్గర అది సాధారణంగా పీజీలో వచ్చే పాఠం.