ఇమొబిలైజర్ లోపాలు వెతికే స్కానర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

హనుమకొండలో చిన్న కార్ల షెడ్డు నడుపుతున్న నేను, చిప్ కీ లోపాలతో వచ్చే బండ్ల కోసం ఒక చేతి స్కానర్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు నా దగ్గర ఉన్నది ఫోనుతో కలిసే ఈఎల్ఎం327 రకం పరికరం. అది ఇంజన్ లోపాల కోడ్లు చదివేది గాని ఇమొబిలైజర్ (సరైన కీ లేనిదే ఇంజన్‌ను నడవనివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు) దాకా పోయేది కాదు.

ఈ స్కానర్‌లో నేను ఎక్కువగా ఆధారపడేది కోడ్ల మీద కాదు, లైవ్ డేటా మీద, అంటే బండిలోని కంప్యూటర్లు ఆ క్షణంలో చెప్పే సమాచారం మీద. ఇగ్నిషన్ ఆన్ చేయగానే లాక్ చుట్టూ ఉన్న కాయిల్ తన తరంగంతో (చాలా బండ్లలో అది 125 కిలోహెర్ట్జ్) కీలోని చిప్‌ను పలకరిస్తుంది. సొంత బ్యాటరీ లేని ఆ చిప్ ఆ తరంగం నుంచే శక్తి తీసుకుని తన గుర్తింపును పంపుతుంది. అది సరిపోలితేనే ఇంజన్ కంప్యూటర్ ఇంజన్‌ను నడవనిస్తుంది. చిప్ కనబడిందా, అది ఈ బండిలో నమోదైనదేనా, ఇంజన్ కంప్యూటర్ అనుమతి ఇచ్చిందా అన్న మూడు సంగతులను నేను చూసే చాలా బండ్లలో ఈ స్కానర్ విడివిడిగా చూపిస్తుంది. ‘తప్పు ఇమొబిలైజర్ కీ’ అనే అర్థమున్న పీ0513 కోడ్ ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

నిరుటి వానాకాలంలో ములుగు వైపు నుంచి ఒక పెట్రోలు కారును లాక్కొచ్చారు. స్టార్టయిన రెండు సెకన్లకే ఆగిపోతోంది, మీటరులో కీ గుర్తు మిణుకుతోంది. ఇంజన్ కంప్యూటరే మార్చాలని అంతకుముందు ఎక్కడో చెప్పారట. స్కానర్ పెడితే చిప్ కనబడటం లేదని చూపింది. స్పేర్ కీ పెట్టినా అదే మాట. రెండు కీలూ ఒకేసారి చెడిపోవడం అరుదు కనుక స్టీరింగ్ కింది కవరు విప్పాను. కాయిల్ కనెక్టరులో ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి బిగించాక తెరమీద మూడు వరుసలూ సరిగా వచ్చాయి, బండి తిరిగి ఇంటికి పోయింది.

అయితే చిలుము పట్టిన పిన్నును స్కానర్ చూపలేదు, ఎటు వెతకాలో మాత్రమే చూపింది. బ్యాటరీ దిగిపోయిన బండిలో అది చూపేదాన్ని అసలే నమ్మకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఓల్టేజి బాగా పడిపోతే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడలేక లేనిపోని కోడ్లు నిలుపుకుంటాయి. మొదటి ఏడాది అలాంటి కోడ్‌ను నమ్మి ఒక కస్టమరు చేత అనవసరంగా కొత్త కీ చేయించాను. ఆ ఖర్చు నేనే భరించాను. అప్పటినుంచి ముందు మల్టీమీటరు పెడుతున్నాను: ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 ఓల్టుల దగ్గర ఉండి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కు తగ్గకపోతేనే స్కానర్ తీస్తాను. తగ్గితే చార్జింగ్ చేసి, పాత కోడ్లు చెరిపి, మళ్లీ పరీక్షిస్తాను.

కొత్త కీ నమోదు చేయడానికి చాలా బండ్లలో సెక్యూరిటీ కోడ్ కావాలి, దాన్ని ఈ పరికరం ఇవ్వదు, ఇవ్వకపోవడమే న్యాయం. ఆర్సీ చూపని వారికి ఆ పని నేను చేయను కూడా. ఎండలో తెర సరిగా కనబడదు, అప్‌డేట్లకు ఏటా డబ్బు కట్టాలి.

ఒక్క సొంత కారు ఉన్నవారికి దీన్ని కొనమని చెప్పలేను. కీ గుర్తు మిణుకుతూ బండి ఆగిపోతుంటే, గుత్తిలోని మిగతా చిప్ కీలను తీసేసి ఒకసారి, స్పేర్ కీతో మరొకసారి ప్రయత్నించి, ఏ కీతో ఏమైందో మెకానిక్‌కు చెప్పండి. రిమోటులోని గుండీ బ్యాటరీ మారిస్తే డోర్లు తెరుచుకోవచ్చు గాని, మామూలు తిప్పే కీ బండ్లలో ఈ లోపం దానితో పోదు.