దాళ్వా (రబీ) ధాన్యానికి కప్పు రకం తేమ మీటరు కొనొచ్చా?

గుప్పెడు ధాన్యం నలిపి, గింజ కొరికి, టక్కుమంటే ఆరిందనేయడం కోనసీమ నుంచి భీమవరం దాకా ఉన్నదే. చిక్కేమిటంటే, తడిని నేరుగా పసిగట్టే నరాలు మన చర్మంలో లేవు. చల్లదనం, ఒత్తిడి కలిసి తగిలితే మెదడే దాన్ని తడి అనుకుంటుంది. అందుకే తెల్లారి బరకం తీయగానే చల్లగా తగిలే రాశి పచ్చిగా ఉందనిపిస్తుంది. అదే రాశి మధ్యాహ్నం కాగి ఉంటే ఆరిపోయిందనిపిస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. 17కీ 19కీ తేడా చేతికేం తెలుస్తుంది?

పచ్చిగా తీసుకెళ్తే వెనక్కి పంపుతారు, అది అందరికీ తెలిసిందే. అతిగా ఆరబెట్టినా నష్టమేనని మాత్రం ఎవరూ లెక్కెయ్యరు. 17 శాతం తేమున్న 75 కిలోల బస్తాను 14కి దించితే 2.6 కిలోలు తగ్గుతుంది. మండుటెండలో గింజ పగిలి, మిల్లులో నూక పెరగడం దీనికి అదనం.

నిజానికి మీటరు కూడా నీళ్లను చూడదు. కప్పులోని ధాన్యం విద్యుత్ ఆవేశాన్ని ఎంత నిలుపుతుందో చూసి లెక్క కడుతుంది. నీటికి ఆ గుణం ఎండు గింజకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఇదీ ఊహే, కాకపోతే ఎక్కడ తప్పుతుందో ముందే తెలిసిన ఊహ. కప్పు తట్టి కుదించి నింపితే అంకె పెరుగుతుంది, వెలితిగా పోస్తే తగ్గుతుంది. ఒకే ఎత్తు నుంచి వదులుగా పోసి, అంచుకు సమంగా గీసేయాలి. తాలు, గడ్డి ముందే ఏరేయాలి. మంచు పట్టిన గింజను కొలిస్తే, లోపల లేని తేమ కూడా కనిపిస్తుంది. ఎండలోంచి తీసిన ధాన్యాన్ని ఇరవై నిమిషాలు నీడలో పరిచాకే కొలవాలి. మీటరునీ ఎండలో పెట్టకూడదు. గింజ రకం ఎంచే మీట 'ధాన్యం' మీద కాక 'బియ్యం' మీద ఉండిపోతే కొలతంతా వృథా.

రాశిలో అయిదు చోట్ల, అడుగు నుంచి కూడా తీసి కలిపి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. తెర మీద 16.8 కనబడగానే సంబరపడొద్దు. ఈ రకం మీటర్లలో అర శాతం అటూ ఇటూ మామూలే. 16.5కి దిగాకే లారీ మాట్లాడుకోవడం మేలు. ఒకే నమూనాను కొనుగోలు కేంద్రంలోని మీటరుతోనూ కొలిపించి, తేడాను మూత మీద రాసుకుంటే సీజనంతా పనికొస్తుంది.

ముల్లు గుచ్చే రకం చవకే గానీ దాళ్వాకు సిఫారసు చేయలేం. ఎండకు పైపొర ఆరి లోపల పచ్చిగా ఉన్న గింజను అది ఆరిందనే చెబుతుంది. కప్పు రకమే తీసుకోండి, ఉష్ణోగ్రత సవరణ ఉందో లేదో అడిగి మరీ. కోతలయ్యాక బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.