కాంచనజంగా చూడాలంటే డార్జిలింగ్ కన్నా పెల్లింగే బెటర్

కాంచనజంగా అనగానే అందరూ డార్జిలింగ్ వెళ్ళి, తెల్లవారుజామున టైగర్ హిల్ ఎక్కి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేను రెండు చోట్లా ఉండి చూశాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా, కొండని తనివితీరా చూడాలంటే సిక్కింలోని పెల్లింగ్ వెళ్ళండి.

టైగర్ హిల్ బాగుండదని కాదు, కానీ చీకట్లో లేచి జీపుల జామ్‌లో ఇరుక్కుని జనం భుజాల మీంచి చూడాలి, పైగా కొండ అక్కడికి 70 కిలోమీటర్ల పైనే. పెల్లింగ్‌లో రూమ్ కర్టెన్ తీస్తే ఎదురుగా అదే! కింద లోయంతా ఇంకా చీకటిగా ఉండగానే పైన కొస ఒక్కటే ఎర్రబడుతుంది, ఆ రంగు మెల్లగా కిందకి దిగుతూ బంగారం రంగై చివరికి తెల్లగా అయిపోతుంది, అంతసేపూ నా టీ చల్లారిపోయినా పట్టించుకోలేదు.

కాంచనజంగా ఎత్తు 8586 మీటర్లు, ఎత్తులో ప్రపంచంలో మూడోది. ఒకటే శిఖరం అనుకుంటాం గానీ మొత్తం ఐదు, మెయిన్, సెంట్రల్, సౌత్ మూడూ సిక్కిం-నేపాల్ బోర్డర్ మీద, మిగతా రెండూ నేపాల్ లోపల. ఎడమవైపు పెద్దగా కనిపించే కబ్రూ అనే ఇంకో శిఖరాన్ని చూసి చాలామంది అదే కాంచనజంగా అనుకుంటారు, అది మనకి దగ్గరగా ఉండడం వల్ల అలా అనిపిస్తుంది, ఎత్తు 7400 చిల్లరే. మా హోమ్‌స్టే అక్క ఒక్కోటీ వేలు పెట్టి చూపించింది. సిక్కిం వాళ్ళకిది దేవుడు, 1955లో మొదటిసారి ఎక్కినవాళ్ళు కూడా ఆ నమ్మకాన్ని గౌరవించి శిఖరం కొసకి కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు.

ఎండెక్కాక లోయల్లో తేమ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, మబ్బు కమ్మేస్తుంది, అందుకే పొద్దున్నే చూసేయాలి. వర్షాకాలం అసలొద్దు, అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా మంచిది.

స్టే విషయంలో పెద్ద హోటల్ కన్నా హోమ్‌స్టేకే నా ఓటు, వేడి వేడి అన్నం, పప్పు, గుండ్రుక్ (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర) కూర కడుపునిండా పెట్టారు. సర్వీసు నెమ్మది, వేడినీళ్ళు అడిగి తెప్పించుకోవాలి. సిలిగురి నుంచి షేర్ జీపు దొరుకుతుంది, రోడ్డు మాత్రం ఒళ్ళు హూనం చేస్తుంది, పెద్దవాళ్ళుంటే విడిగా కారు మాట్లాడుకోండి. పగలు పెమయాంగ్త్సే మఠం, సిక్కిం పాత రాజధాని రబ్దెంత్సే శిథిలాలు చూడొచ్చు, రెండూ దగ్గరే. బుక్ చేసేముందు ఫోన్ చేసి రూమ్ కిటికీ కొండవైపే ఉందా అని తప్పకుండా అడగండి, అదే బిల్డింగ్‌లో వెనక రూములకి గోడ తప్ప ఏమీ కనపడదు.